లాకప్‌లో కొట్టారు, పీడీ ఆర్డర్ కోర్టు కొట్టేసింది: ఇప్పుడు మిగిలిన దారులు, మిగిలిన గడువులు

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. తమ్ముణ్ణి ఎనిమిది నెలల కింద రాత్రిపూట ఇంట్లోంచి తీసుకెళ్లారు. మూడు రోజులు స్టేషన్‌లోనే ఉంచి కొట్టారు, నాలుగో రోజు అరెస్టు చూపించి రిమాండుకు పంపారు. బెయిల్ చేతికి వచ్చేలోపే పీడీ యాక్ట్ (విచారణ లేకుండా ముందస్తుగా నిర్బంధించే చట్టం) పెట్టి చర్లపల్లి జైల్లో ఉంచారు. హైకోర్టు ఆ ఆర్డర్ కొట్టేసింది, మనిషి బయటికొచ్చి రెండు వారాలైంది. కొట్టినవాళ్ల మీద కేసు నిలుస్తుందా? ఊరికే పోయిన నెలలకు పరిహారం వస్తుందా?

ఈ రెండు ప్రశ్నలనూ ఒకే కాగితం మీద పెట్టకండి. విచారణ లేకుండా జైల్లో ఉంచడం ఒక కేసు, స్టేషన్‌లో కొట్టడం ఇంకో కేసు. మొదటిదాంట్లో ఆర్డర్ తప్పని తేలడం తేలికే గానీ డబ్బు రావడం కష్టం. రెండోదాంట్లో శిక్ష, పరిహారం రెండిటికీ దారి ఉంది, కానీ రుజువు మీరే మోయాలి. రెండూ కలిపి రాసిన పిటిషన్లో ప్రభుత్వ వకీలు పీడీ ఆర్డర్ గురించే గంటసేపు వాదిస్తాడు, దెబ్బల సంగతి చివరి పేరాలో మిగిలిపోతుంది.

ముందు గడువులు చూడండి, ఎందుకంటే మీకు నాలుగు నెలలే ఉంది.

మానవ హక్కుల కమిషన్, జాతీయమైనా రాష్ట్రమైనా, ఘటన జరిగి ఏడాది దాటితే విచారించకూడదని 1993 మానవ హక్కుల పరిరక్షణ చట్టం సెక్షన్ 36(2) చెబుతుంది. ఏడాది లెక్క కొట్టిన తేదీ నుంచే, విడుదలైన తేదీ నుంచి కాదు. ఇక్కడే చాలామంది పొరపడతారు. మామూలు దెబ్బల సెక్షన్, అంటే బీఎన్ఎస్ (ఐపీసీ స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహిత) 115(2), ఏడాది వరకు శిక్ష పడే నేరం, దాన్ని కోర్టు విచారణకు తీసుకునే గడువు కూడా ఏడాదే. అదే, నేరం ఒప్పించడానికో సమాచారం రాబట్టడానికో కొట్టడం బీఎన్ఎస్ 120 కిందికి వస్తుంది: మామూలు గాయమైతే ఏడేళ్ల వరకు, తీవ్ర గాయమైతే పదేళ్ల వరకు శిక్ష. మూడేళ్లకు మించి శిక్ష ఉన్న నేరానికి కాలపరిమితి లేదు. అందుకే ఫిర్యాదులో "కొట్టారు" అని ఆపేస్తే ఏడాదికి చచ్చిపోయే కేసు అవుతుంది. "ఫలానా బండి ఎక్కడ దాచావని అడుగుతూ కొట్టారు" అని రాస్తే బతికే కేసు అవుతుంది. ఏం అడుగుతూ కొట్టారో ఆ మాట తప్పకుండా ఉండాలి. ఘటన 2024 జూలై 1కి ముందుదైతే ఇవే ఐపీసీ 330, 331 అవుతాయి.

అక్రమ నిర్బంధానికి సివిల్ దావా వేయాలంటే నిర్బంధం ముగిసిన నాటి నుంచి ఏడాది. మూడు రోజుల స్టేషన్ నిర్బంధం ఎనిమిది నెలల కిందే ముగిసింది, జైలు కాలం రెండు వారాల కింద ముగిసింది. పైగా ప్రభుత్వం మీద దావా అంటే సీపీసీ (సివిల్ ప్రొసీజర్ కోడ్) సెక్షన్ 80 కింద రెండు నెలల ముందు నోటీసు ఇవ్వాలి. ఆ నోటీసు కాలం గడువులోంచి మినహాయిస్తారు, అయినా చివరి వారం దాకా ఆగొద్దు.

ఇక సీసీటీవీ. పరమ్‌వీర్ సింగ్ సైనీ కేసులో సుప్రీంకోర్టు 2020 డిసెంబరులో ప్రతి స్టేషన్‌లో కెమెరాలు ఉండాలని, రికార్డింగు 18 నెలలు దాచాలని, అంత సామర్థ్యం దొరకకపోతే కనీసం ఏడాదికి తగ్గకూడదని చెప్పింది. లాకప్, వరండాలు, ఎస్సై గది, స్టేషన్ వెనక భాగం అన్నీ ఆ జాబితాలో ఉన్నాయి. కాబట్టి కాగితం మీద మీ ఫుటేజీ ఇంకా బతికే ఉంది. ఈ వారంలోనే ఒక ఉత్తరం పంపండి. అందులో ఫలానా స్టేషన్, ఫలానా తేదీ రాత్రి ఇన్ని గంటల నుంచి ఫలానా తేదీ ఉదయం దాకా, గేటు, లాకప్, వరండా, ఎస్సై గది, వెనక ఆవరణ కెమెరాల రికార్డింగు చెరపకుండా భద్రపరచాలని రాయండి. స్టేషన్ హౌస్ ఆఫీసర్‌కు ఒకటి, ఎస్పీ లేదా కమిషనర్‌కు ఒకటి, ఈ కెమెరాలను చూసుకునే జిల్లా పర్యవేక్షణ కమిటీ పేరుతో కలెక్టర్‌కు ఒకటి. రిజిస్టర్డ్ పోస్టుతోపాటు ఈమెయిల్ కూడా. "హార్డ్ డిస్క్ పాడైంది" అని జవాబు రావచ్చు, వస్తుందనే అనుకోండి. అది రాతపూర్వకంగా రావడమే మీకు కావాలి. మీరు అడిగిన తర్వాత పోయిన ఫుటేజీ, అడగకముందు పోయిన ఫుటేజీ కోర్టు కళ్లకు ఒకటి కాదు.

ఆర్టీఐ మీద పెద్దగా ఆశ పెట్టుకోకండి. దర్యాప్తుకు అడ్డం అని సెక్షన్ 8(1)(హెచ్) చూపి తిప్పి పంపుతారు. నిజంగా పనికొచ్చేది తమ్ముడి మీదున్న అసలు క్రిమినల్ కేసు నడుస్తున్న మేజిస్ట్రేటు కోర్టులో బీఎన్ఎస్ఎస్ (సీఆర్పీసీ స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత) సెక్షన్ 94 కింద పిటిషన్. ఫుటేజీ, జనరల్ డైరీ (స్టేషన్ రోజువారీ నమోదు పుస్తకం), స్టేషన్ వాళ్ల ఫోన్ల టవర్ వివరాలు తెప్పించమని అందులో అడగవచ్చు. కాల్ రికార్డులు టెలికాం కంపెనీలు రెండేళ్లు ఉంచాలి, కాబట్టి వాటికి ఇంకా టైముంది.

ఇప్పుడు మీ దగ్గర ఇప్పటికే ఉండి, మీరు పట్టించుకోని కాగితాల సంగతి. పీడీ ఆర్డరుతోపాటు జైల్లో తమ్ముడికి సంతకం పెట్టించుకుని ఒక లావుపాటి కట్ట ఇచ్చి ఉంటారు. అందులో నిర్బంధ కారణాలు, వాటికి ఆధారమైన ఎఫ్ఐఆర్లు, కన్ఫెషన్ పంచనామాలు, రిమాండ్ రిపోర్టులు ఉంటాయి. అది పోలీసులే మీ చేతికిచ్చిన సాక్ష్యం. అందులో అరెస్టు ఎలా రాశారో చూడండి. నూటికి తొంభై కేసుల్లో ఒకటే పాట: "తెల్లవారుజామున వాహన తనిఖీలు చేస్తుండగా అనుమానాస్పదంగా కనిపించగా పట్టుకుని విచారించగా నేరం ఒప్పుకున్నాడు". తేదీ, టైము, చోటు మూడూ ఉంటాయి. ఇప్పుడు ఒక తెల్లకాగితం మీద రెండు వరసలు గీయండి. ఎడమ పక్క పోలీసులు రాసిన టైము, కుడి పక్క మీ దగ్గరున్న రుజువు. రాత్రి తీసుకెళ్లినప్పుడు ఎదురింటి కెమెరాలో పడ్డ జీపు, మీరు 100కో 112కో చేసిన కాల్, స్టేషన్ బయట నిలబడి బంధువులకు పెట్టిన వాట్సాప్ మెసేజీలు, టిఫిన్ తీసుకెళ్లి లోపలికిచ్చిన మనిషి, తమ్ముడి ఫోన్ ఎన్నింటికి స్విచాఫ్ అయింది. అరెస్టు చూపించిన టైముకు మూడు రోజుల ముందే అతను స్టేషన్‌లో ఉన్నాడని ఈ ఒక్క కాగితం తేలిస్తే చాలు, 24 గంటల్లో మేజిస్ట్రేటు ముందు పెట్టాలన్న బీఎన్ఎస్ఎస్ 58 ఉల్లంఘన, అక్రమ నిర్బంధం, తప్పుడు రికార్డు మూడూ ఒకేసారి నిలబడతాయి. కొట్టినట్టు ఎవరూ చూడకపోవచ్చు, కానీ లేని మూడు రోజులను పోలీసులు ఎక్కడినుంచి తెస్తారు?

ఫోన్‌లో ఉన్న వీడియో, ఫొటో, మెసేజీలను వాట్సాప్‌లో ఫార్వర్డ్ చేసి అసలు తీసేయడం పెద్ద తప్పు. అసలు ఫైలు ఉన్న ఫోన్‌ను అమ్మకండి, ఫార్మాట్ చేయకండి. కోర్టులో ఇవ్వాలంటే భారతీయ సాక్ష్య అధినియం సెక్షన్ 63 కింద సర్టిఫికెట్ కావాలి. దానికి రెండు భాగాలు ఉంటాయి: ఒకటి ఫైలు ఉన్నవాళ్లు, రెండోది నిపుణుడు సంతకం చేసేది. ఎదురింటివాళ్ల కెమెరా ఫుటేజీ అయితే మొదటి భాగం వాళ్లే ఇవ్వాలి, ఇంకా మంచిగా మాట్లాడుకుంటున్నప్పుడే తీసుకోండి.

ఇక అసలు చిక్కు: దెబ్బల రుజువు. సూబే సింగ్ కేసులో 2006లో సుప్రీంకోర్టు గీసిన గీత ఇప్పటికీ అడ్డం నిలుస్తుంది. కస్టడీ హింసకు రిట్ పిటిషన్లోనే (హక్కుల ఉల్లంఘన మీద నేరుగా హైకోర్టులోనో సుప్రీంకోర్టులోనో వేసేది) పరిహారం ఇవ్వాలంటే ఉల్లంఘన స్పష్టంగా, కాదనలేనట్టు ఉండాలి, మనస్సాక్షిని కదిలించేంత తీవ్రంగా ఉండాలి, హింస వల్ల ప్రాణమైనా పోయి ఉండాలి, లేదా వైద్య నివేదికో, కనిపించే గుర్తులో, మచ్చలో, వైకల్యమో దాన్ని బలపరచాలి. కాగితం లేని దెబ్బకు రిట్‌లో విలువ దాదాపు లేదని దీని అర్థం. ఆ కాగితం ఎక్కడెక్కడ పుట్టి ఉండవచ్చో వెతకండి.

ఒకటి, అరెస్టు తర్వాత చేయించిన వైద్య పరీక్ష. బీఎన్ఎస్ఎస్ 53 ప్రకారం ప్రభుత్వ డాక్టరు ఒంటి మీది గాయాలు, అవి ఎప్పుడు తగిలి ఉండొచ్చో రాయాలి, కాపీ అరెస్టైనవాడికి ఇవ్వాలి. ఇచ్చి ఉండరు, కోర్టు ఫైల్లోంచి సర్టిఫైడ్ కాపీ తీసుకోండి. దాంట్లో "గాయాలు లేవు" అనే ఉండొచ్చు, దానికే కుంగిపోవద్దు. రెండు, మొదటి రిమాండు రోజు మేజిస్ట్రేటు రాసిన డాకెట్, అంటే ఆ రోజు కోర్టు నమోదు. పోలీసులు కొట్టారా అని అడిగి జవాబు రాయడం మేజిస్ట్రేటు బాధ్యత అని షీలా బర్సే కేసులో 1983లోనే సుప్రీంకోర్టు చెప్పింది. తమ్ముడు ఆ రోజు భయపడి "లేదు" అన్నాడా, అడగలేదా, వీడియో కాల్‌లో పక్కనే కానిస్టేబుల్ నిలబడ్డాడా, ఉన్నదున్నట్టు రాసుకోండి. మూడోది చాలామంది మరిచిపోయేది, నా దృష్టిలో అన్నిటికన్నా గట్టిది: జైలు అడ్మిషన్ వైద్య రికార్డు. కొత్త ఖైదీని తీసుకునేటప్పుడు జైలు డాక్టరు ఒంటి మీది గాయాలు రాస్తాడు, ఎందుకంటే రాయకపోతే ఆ గాయాలు రేపు జైలు మెడకు చుట్టుకుంటాయి. పోలీసులు తీసుకెళ్లే డాక్టరుకు లేని స్వార్థం జైలు డాక్టరుకు ఉంది. ఆ రికార్డు, ఆ తర్వాత జైలు ఆసుపత్రిలో నొప్పి మాత్రలు ఇచ్చిన ఓపీ ఎంట్రీలు కోర్టు ద్వారా తెప్పించండి.

రెండో పరీక్ష ఎంత తేడా తెస్తుందో ఆంధ్రప్రదేశ్‌లోనే చూశాం. 2021 మేలో అప్పటి నరసాపురం ఎంపీని సీఐడీ అరెస్టు చేసినప్పుడు, కస్టడీలో కొట్టారన్న ఆరోపణ మీద గుంటూరు ప్రభుత్వాసుపత్రి బోర్డు గాయాలేమీ లేవన్నట్టు నివేదిక ఇచ్చింది. సుప్రీంకోర్టు సికింద్రాబాద్ ఆర్మీ ఆసుపత్రికి పంపితే అక్కడి నివేదికలో కాలి వేలి ఫ్రాక్చర్, వాపు ఉన్నాయి. అదే నెలలో బెయిల్ వచ్చింది. అది పలుకుబడి ఉన్న మనిషి కాబట్టి వారంలో జరిగింది. మామూలు మనిషికి దారి అదే, అడగాల్సిన మాటా అదే: ఈ జిల్లాకూ ఈ శాఖకూ సంబంధం లేని ఆసుపత్రిలో, బోర్డుతో పరీక్ష.

ఎనిమిది నెలల తర్వాత ఏం దొరుకుతుంది? కమిలిన మచ్చలు పోయాయి, వాటి కోసం వెతకొద్దు. కానీ చేతులు వెనక్కి విరిచి వేలాడదీస్తే భుజం దగ్గరి నరాల గుత్తి దెబ్బతింటుంది. తిమ్మిరి, పట్టు తగ్గడం, చెయ్యి పైకి లేవకపోవడం నెలలు గడిచినా నర్వ్ కండక్షన్ పరీక్షలో (నరాల పనితీరు కొలిచేది) కనిపించవచ్చు. అరికాళ్ల మీద కొట్టినచోట ఎక్కువ దూరం నడిస్తే వచ్చే నొప్పి, పాదం అడుగు కండ దెబ్బతిన్న ఆనవాళ్లు ఎమ్మారైలో ఒక్కోసారి దొరుకుతాయి. పాత ఫ్రాక్చర్ అతుక్కున్న గుర్తు ఎక్స్‌రేలో ఉండొచ్చు. తొడల మీద రోలర్ తిప్పినవాళ్లకు ఆ రోజుల్లో మూత్రం నల్లగా, కోలా రంగులో వచ్చి ఉంటే కండరాలు నలిగి కిడ్నీ మీద భారం పడినట్టు. అప్పుడు సీపీకే పరీక్ష (కండరాలు నలిగాయో లేదో చూపే రక్త పరీక్ష) చేసి ఉంటే ఆ ఒక్క అంకె కేసు నిలబెట్టేది. ఇప్పుడు కిడ్నీ పనితీరు చూపే క్రియాటినిన్ పరీక్ష చేయించండి, జైలు ఆసుపత్రిలో అప్పట్లో ఏ రక్త పరీక్ష చేశారో చూడండి. కరెంటు షాక్ మచ్చలు ఒకటి నుంచి మూడు మిల్లీమీటర్ల ఎర్ర గోధుమ చుక్కలు, చాలావరకు మాయమవుతాయి.

మనసుకు తగిలింది మాత్రం ఇంకా ఉంటుంది, దాన్ని తేలిగ్గా తీసేయకండి. నిద్ర పట్టకపోవడం, బూట్ల చప్పుడుకు ఉలిక్కిపడటం, పోలీసు జీపు చూస్తే చెమటలు పట్టడం, ఇంట్లో ఎవరితోనూ మాట్లాడకపోవడం. ఇవి ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రి, విశాఖ మానసిక ఆసుపత్రి లాంటి ప్రభుత్వ సంస్థలో నమోదు కావాలి, ఒక్కసారి కాదు, రెండు మూడు విజిట్లు. డాక్టరుతో "సర్టిఫికెట్ ఇవ్వండి" అని మొదలుపెట్టకండి, చికిత్సకే వెళ్లండి, చికిత్స నిజంగానే అవసరం. హింస బాధితులను ఎలా పరీక్షించాలో చెప్పే ఇస్తాంబుల్ ప్రోటోకాల్ అని ఐక్యరాజ్యసమితి మార్గదర్శకం ఉంది, 1999లో వచ్చి 2022లో సవరించారు. అందులో డాక్టరు అభిప్రాయానికి అయిదు మెట్లు: చెప్పినదానితో పొంతన లేదు, పొంతన ఉంది, గట్టి పొంతన ఉంది, సాధారణంగా ఇలాంటి దెబ్బకే వస్తుంది, దీనికి తప్ప ఇంకోదానికి రాదు. డాక్టర్ను "పోలీసులు కొట్టారు అని రాయండి" అని అడిగితే రాయడు, రాయకూడదు కూడా, అతను చూడలేదు. "మేం చెప్పిన కారణంతో ఈ మచ్చ ఏ మెట్టులో సరిపోతుంది" అని అడిగితే చాలామంది రాస్తారు. వచ్చిన కాగితంలో హిస్టరీ వరస చదవండి. "బాత్రూంలో జారిపడ్డాడు" అని ఎవరో ఒకసారి రాయిస్తే తర్వాతి డాక్టర్లందరూ దాన్నే ఎక్కించుకుంటూ పోతారు. కేసు చెడేది సగంసార్లు అక్కడే.

తమ్ముడి వాంగ్మూలం ఫిర్యాదు కన్నా ముందు రాయండి, అతని మాటల్లో, తెలుగులో. వకీలు రాసిన ఇంగ్లీషు అఫిడవిట్ మీద సంతకం పెట్టి, తర్వాత క్రాస్ ఎగ్జామినేషన్‌లో "ఈ మాటకు అర్థం ఏంటి" అంటే చెప్పలేక చిక్కుకునేవాళ్లు చాలామంది. ప్రతి పూట వేరుగా రాయాలి: ఎవరు, ఏ గదిలో, దేనితో, ఒంటి మీద ఎక్కడ, ఎంతసేపు, ఏ భంగిమలో, ఏం అడుగుతూ. పేరు తెలియకపోతే ఊహించి పెట్టొద్దు. భుజం మీద ఎన్ని నక్షత్రాలో రాయండి. ఎరుపు నీలం రిబ్బనుతో రెండు నక్షత్రాలు ఎస్సై, మూడు నక్షత్రాలు సీఐ, రిబ్బను లేకుండా మూడు ఉంటే డీఎస్పీ. మఫ్టీలో ఉంటే యాస, పొడుగు, మిగతావాళ్లు ఏమని పిలిచారో. స్టేషన్ లోపలి పటం గీయించండి: రైటర్ గది ఎటు, కిటికీ ఎటు, బాత్రూం తలుపు ఏ రంగు. లోపలికి రాలేదని పోలీసులు అన్న మూడు రోజుల్లో వెనక గది గోడ మీద ఏముందో మనిషికి ఎలా తెలిసింది? ఇంకో మాట. ఒక్క పేరు కోపం కొద్దీ ఎక్కువ రాస్తే, ఆ ఒక్కడు ఆ రోజు సెలవులో ఉన్నట్టు తేలితే మిగతా నలుగురూ బయటపడతారు.

ఎక్కడ వేయాలి? మూడు తలుపులున్నాయి, ఒకదాన్ని తెరిస్తే ఇంకోటి మూసుకుపోవచ్చు. రాష్ట్ర కమిషన్ ముందున్న విషయాన్ని జాతీయ కమిషన్ తీసుకోదు. కోర్టులో ఉన్నదాన్ని కమిషన్లు సాధారణంగా ముట్టుకోవు. కమిషన్ నుంచి వచ్చేది సిఫార్సు, తీర్పు కాదు. అది ముందుగా నివేదిక అడిగేది కూడా అదే జిల్లా పోలీసుల్ని. ఆ నివేదిక మీ దగ్గరికి వ్యాఖ్యల కోసం వస్తుంది, గడువులో జవాబు ఇవ్వకపోతే ఫైలు మూసేస్తారు. ఫిర్యాదు పెట్టి మరిచిపోయినవాళ్ల కేసులే ఎక్కువ పోతాయి. డైరీ నంబరు పెట్టుకుని నెలకోసారి చూసుకోండి. ఫుటేజీ, వైద్య కాగితాలు బలంగా ఉంటే కమిషన్ను దాటేసి నేరుగా హైకోర్టుకు వెళ్లడమే నా సలహా. కశ్మీర్లో కుప్వారా విచారణ కేంద్రంలో 2023 ఫిబ్రవరిలో ఒక పోలీసు కానిస్టేబుల్నే చిత్రహింస పెడితే, సుప్రీంకోర్టు 2025 జూలైలో సీబీఐ దర్యాప్తు, 50 లక్షల పరిహారం, బాధ్యుల అరెస్టు ఆదేశించింది. అక్కడ ఆసుపత్రి రికార్డు కళ్లకు కట్టినట్టు ఉంది.

మూడో తలుపు మేజిస్ట్రేటు కోర్టు. ముందు స్టేషన్‌లో ఫిర్యాదు ఇవ్వాలి, తీసుకోకపోతే బీఎన్ఎస్ఎస్ 173(4) కింద ఎస్పీకి రిజిస్టర్డ్ పోస్టు. ఆ రెండు రసీదులు, అఫిడవిట్ లేకుండా 175(3) కింద మేజిస్ట్రేటు దగ్గరికి వెళ్తే మొదటి వాయిదాకే తిరిగొస్తుంది. కొత్త చట్టంలో ఇంకో గేటు పెట్టారు: విధుల్లో భాగంగా జరిగిందనే ఫిర్యాదు ప్రభుత్వ ఉద్యోగి మీదైతే 175(4), 223(2) కింద పై అధికారి నివేదిక, ఆ ఉద్యోగి వివరణ కూడా చూడాలి. దాని తర్వాత సెక్షన్ 218 మంజూరు, అంటే ఆ ఉద్యోగి మీద కేసు నడపడానికి ప్రభుత్వ అనుమతి. కొట్టడం డ్యూటీ కాదు కాబట్టి మంజూరు అక్కర్లేదని మీరంటారు, డ్యూటీలో హద్దు మీరడమే కాబట్టి కావాలని వాళ్లంటారు. డి. దేవరాజ కేసులో 2020లో సుప్రీంకోర్టు పోలీసుల వైపే మొగ్గింది. కాబట్టి వాదన మీద వాదన చేస్తూ ఏళ్లు పోగొట్టుకోకుండా ప్రభుత్వానికి మంజూరు దరఖాస్తు కూడా పెట్టేయండి. 120 రోజుల్లో తేల్చకపోతే మంజూరు ఇచ్చినట్టేనని 218లోనే ఉంది. కొత్త చట్టం బాధితుడికి ఇచ్చిన మేలు ఏదైనా ఉంటే అదొక్కటే. తమ్ముడు ఎస్సీ, ఎస్టీ అయితే అట్రాసిటీ చట్టం మొదటి ఫిర్యాదులోనే రాయండి, తర్వాత చేర్చడం కష్టం.

ఇప్పుడు పీడీ సంగతి. పీడీ యాక్ట్ అనే 1986 చట్టం కింద తెలంగాణలో వచ్చే ఆర్డర్లను సుప్రీంకోర్టు వరసగా తప్పుపట్టింది: 2022లో మల్లాడ శ్రీరామ్ కేసు, 2023లో అమీనా బేగం, 2024లో నేనావత్ బుజ్జి. మామూలు శాంతిభద్రతల నేరాలకు, బెయిల్ రద్దు చేయించుకోవాల్సిన చోట, పీడీ వాడటం చెల్లదని వాటి సారం. అయినా ఆర్డర్ కొట్టేయడంతోనే డబ్బు రాదు. పౌర, రాజకీయ హక్కుల అంతర్జాతీయ ఒడంబడికలో చేరినప్పుడు, 1979లో, అక్రమ నిర్బంధానికి పరిహారం హక్కు అన్న 9(5) మనకు వర్తించదని భారత్ రాసి ఇచ్చింది. హింస వ్యతిరేక ఒప్పందం మీద 1997లో సంతకం చేసి ఇప్పటికీ ధ్రువీకరించలేదు. లా కమిషన్ 2017లో ఇచ్చిన 273వ నివేదికలో పెట్టిన చిత్రహింస నిరోధక బిల్లు బిల్లుగానే ఉంది.

హైదరాబాద్‌లో దీనికి చేదు ఉదాహరణ ఉంది. 2007 మే 18 మక్కా మసీదు పేలుడు తర్వాత పట్టుకెళ్లిన యువకులను చిత్రహింస పెట్టారన్న ఆరోపణలు వచ్చాయి, కేసుల నుంచి వాళ్లు బయటపడ్డారు. 2012లో ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం 20 మందికి మూడేసి లక్షలు, 50 మందికి ఇరవైవేల చొప్పున ఇచ్చింది. నిర్దోషి అయినంత మాత్రాన పరిహారం రాదంటూ 2013లో హైకోర్టు దాన్ని కొట్టేసింది. ఇచ్చిన చెయ్యి మంచిదే, కానీ ఎవరు ఎవరిని ఎలా కొట్టారని ఏ కోర్టూ తేల్చకుండా ఇచ్చిన డబ్బు అది. మీరు అడిగే పరిహారం "నిర్బంధం తప్పని తేలింది కాబట్టి" అని కాక, "ఫలానా మూడు రోజులు అరెస్టు రాయకుండా ఉంచారు, ఫలానా గాయం చేశారు, తెలిసి అబద్ధపు కారణాలతో ఆర్డర్ తెచ్చారు" అన్న నిర్ధారణ మీద నిలబడాలి. 1983లో రుదుల్ షాకు, 1985లో భీమ్ సింగ్‌కు, 1993లో నీలబతి బెహెరాకు, 2018లో నంబి నారాయణన్‌కు (ఆయనకు 50 లక్షలు) సుప్రీంకోర్టు పరిహారం ఇచ్చింది ఇలాంటి నిర్ధారణ మీదే.

కేసు మొదలైన నెలలోనే ఒత్తిడి వస్తుంది. రౌడీషీట్ తెరుస్తామంటారు, పాత కేసులో ఛార్జిషీట్ వేస్తారు, ఊళ్లో పెద్దమనిషిని పంపి రాజీ మాట్లాడతారు. ప్రతి ఫోనుకు తేదీ, టైము, అన్న మాట ఒక నోటుబుక్‌లో రాయండి. ఫలానా రోజున స్టేషన్‌కు రమ్మంటే బీఎన్ఎస్ఎస్ 35 కింద రాతపూర్వక నోటీసు అడగండి. తమ్ముణ్ణి ఒంటరిగా పంపొద్దు.

ఇప్పుడు లోపల ఉన్నవాళ్ల కోసం చదువుతున్న వాళ్లకు నాలుగు మాటలు. అరెస్టు చూపించకుండా స్టేషన్‌లో ఉంచితే, బీఎన్ఎస్ఎస్ 100 కింద మేజిస్ట్రేటు దగ్గర సెర్చ్ వారంటు అడగండి, పాత చట్టంలో సెక్షన్ 97. అడ్వకేట్ కమిషనర్‌ను (కోర్టు తరఫున వెళ్లి చూసే వకీలు) పంపమని కోరండి, అదే రోజు హైకోర్టులో హెబియస్ కార్పస్‌కు (మనిషిని కోర్టు ముందు పెట్టమనే పిటిషన్) తయారవండి. దెబ్బలున్న మనిషి రిమాండుకు వస్తే వకీలు మెమో ఇవ్వాలి: గాయాలు రాయాలి, వేరే ఆసుపత్రికి పంపాలి, ఫుటేజీ భద్రపరచాలి. లోతు దెబ్బలు రెండు మూడు రోజుల తర్వాత గానీ పైకి కనపడవు, కాబట్టి ములాఖత్‌లో చూసిన కొత్త కమిలిన చోట్లు రాసుకుని మళ్లీ పరీక్ష అడగండి. డీకే బసు తీర్పు, 1996, ప్రకారం కస్టడీలో ప్రతి 48 గంటలకూ వైద్య పరీక్ష ఉండాలి.

పీడీ పెడితే రోజులు లెక్కపెట్టండి. కారణాలు అయిదు రోజుల్లో అందాలి, ఆర్డర్‌ను 12 రోజుల్లో ప్రభుత్వం ఆమోదించాలి, మూడు వారాల్లో సలహా మండలికి (నిర్బంధానికి తగిన కారణం ఉందా అని చూసే మండలి) పంపాలి, నిర్బంధం మొదలైన ఏడు వారాల్లో మండలి చెప్పాలి, మొత్తం 12 నెలలు దాటకూడదు. కారణాలు, ఆధార కాగితాలు నిర్బంధితుడికి తెలిసిన భాషలో లేకపోతే అదే ఆర్డర్ కొట్టేయడానికి కారణం. ఇంగ్లీషు కట్ట ఇచ్చి నోటితో చెప్పామంటే చెల్లదని 1962 నుంచీ ఉంది. వినతిపత్రం మూడు కాపీలు పంపండి: ఆర్డర్ ఇచ్చిన కమిషనర్ లేదా కలెక్టర్‌కు, ప్రభుత్వానికి, సలహా మండలికి. ప్రభుత్వం ఆమోదించేలోపు ఆర్డర్ ఇచ్చినవాడికే వినతి పెట్టుకునే హక్కు ఉందని కారణాల్లో చెప్పకపోతే అదీ ఒక లోపమే. మండలి ముందు వకీలు మాట్లాడే హక్కు లేదు, కానీ వకీలు కాని స్నేహితుడు పక్కన ఉండి సాయం చేయొచ్చని ఏకే రాయ్ కేసులో 1981 డిసెంబరులో సుప్రీంకోర్టు చెప్పింది. కట్ట మొత్తం చదివి, తేదీల తేడాలు చూపగలిగిన ఇంట్లో మనిషిని పంపమని రాసి ఇవ్వండి. ఫీజు పెట్టలేనివాళ్లు 15100కు ఫోన్ చేయండి. కస్టడీలో ఉన్నవాడికి ఆదాయంతో పని లేకుండా ఉచిత వకీలు హక్కు. ఎవరికి వకాలతు ఇచ్చినా అసలు కాగితాలు మీ దగ్గరే ఉంచుకుని జిరాక్సులు ఇవ్వండి.